ఓడినవాళ్లకే సార్ కుర్చీ

అశోక్‌నగర్‌లో మేం కూర్చునే చాయ్ బండి దగ్గర ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉంది. స్టూళ్ల మధ్య చేతులున్న కుర్చీ అదొక్కటే. దాన్ని సార్ కుర్చీ అంటాం. పీహెచ్‌డీ సీటు ఇంటర్వ్యూకి వెళ్లి ఓడిపోయి వచ్చినవాళ్లకే అందులో కూర్చునే హక్కు. తమను పడగొట్టిన ప్రశ్నల్ని, అడిగిన సార్ గొంతుతోనే, తర్వాత వెళ్లబోయే అమ్మాయిని అడగాలి. మా ఇళ్లలో కాలేజీ ముఖం చూసినవాళ్లు లేరు. ఆ గదిలో ఏం జరుగుతుందో మాకు చెప్పేవాళ్లు మేమే.

ఆ కుర్చీలో ఎక్కువ కాలం కూర్చున్నది నేను.

నేను దూరవిద్యలో పీజీ చేశాను. అసలు చదువంతా చిక్కడపల్లి లైబ్రరీలోనే. గేటు తెరవకముందే వరసలో బ్యాగు పెట్టి, ఫ్యాన్ కింద చోటు పట్టుకుని, సోషియాలజీ బీరువా మొత్తం చదివాను. ఇప్పటికీ గర్వంగానే చెప్తాను. ఇంటర్వ్యూలోనూ గర్వంగానే చెప్పాను. ప్రొఫెసర్ ఏది అడిగినా, ఏ పుస్తకం ఏమందో చెప్పుకుంటూ పోయాను. ఆయన ఓపిగ్గా విని, "పుస్తకాల సంగతి సరే, నువ్వేమంటావమ్మా?" అన్నాడు.

అంతకుముందు నన్నెవరూ ఆ మాట అడగలేదు. ఇంకో పుస్తకం పేరే చెప్పాను. ఆయన పక్కవాళ్ల వైపు తిరిగి, "బీరువాకు సీటిస్తే ఎక్కడ పెట్టుకుందాం?" అన్నాడు. అందరూ నవ్వారు.

నారాయణగూడ ఫ్లైఓవర్ కింద బస్సు కోసం నిలబడితే ఆ నవ్వే వినిపించింది. నాలాంటివాళ్లను ఒకరి తర్వాత ఒకరిని ఆయన ముందుకు పంపాలని అక్కడే అనుకున్నాను. ఆయన కాదనలేనివాళ్లను.

మొదట దొరికింది పాలమూరు అమ్మాయి. చెల్లె అని పిలిచేదాన్ని. రాంనగర్‌లో కిరాయి గది. అమ్మానాన్నలు అపార్ట్‌మెంట్లు కట్టేచోట కూలీలు. పనిచేసే చోటే పిల్లల్ని సాకే తల్లుల మీద పరిశోధన చేయాలని ఆమె కోరిక. ఆ ఏడు సీటు రాకపోతే చదువు ఆపి ఊళ్లో ప్రైవేటు బడిలో చేరతానని ఇంట్లో మాటిచ్చింది.

రోజూ సాయంత్రం నేను ఆ ప్రొఫెసర్‌నయ్యేదాన్ని. కాలు మీద కాలు వేసుకుని, ఆమె కాగితాలు చూడకుండానే పక్కకు తోసేదాన్ని. ఆమె కూడా నాలాగే పుస్తకాలు వల్లించేది.

"నువ్వేమంటావమ్మా?"

ఆమె ఇంకో పుస్తకం అందుకునేది.

"ఇంకో బీరువా వచ్చింది."

ఒకరోజు ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. "అక్కా, నాకు సీటు రావాల్నా, ఆయన మొఖం మాడాల్నా? నీకేది కావాలె, జర చెప్పు."

"రెండూ."

చాయ్ పోసే అన్న నవ్వాడు. "ఓ సారూ, ఆ పిల్లను జర చాయ్ తాగనియ్యి."

"కూసో. మళ్ల అడుగుత," అన్నాను. అడిగాను.

ఈసారి ఆమెకు కోపం వచ్చింది. "నేనేమంటనా? మా అమ్మ ఇటుకలు మోసేటప్పుడు పాత చీర చింపి మా చెల్లె కాలుకు కట్టి, పిల్లర్‌కు ముడేసేది. చూసినోళ్లు రాక్షసి అన్నరు. నువ్విచ్చిన పుస్తకంల నిర్లక్ష్యమని రాసిండ్రు. కడుతున్న బిల్డింగుకు అంచు ఉంటది, గోడ ఉండదు. ఆ ముడే గోడ. నేను గదంట."

"ఆడ గిట్లనే చెప్పు. సీటు వస్తదనిపిస్తే నిన్ను బీరువా పంపిందని కూడ చెప్పు."

ఇంటర్వ్యూ రోజు ఎర్ర కుర్చీ ఖాళీగా ఉంచి స్టూలు మీద కూర్చున్నాను. ఓడితే వచ్చి అందులో కూర్చుంటుంది. సాయంత్రం బస్సు దిగి వచ్చింది. కుర్చీని దాటి, నా పక్కకు స్టూలు లాక్కుంది.

"వచ్చిందక్కా. అదే అడిగిండు. అమ్మ ముడి సంగతి చెప్పిన. నా కాయితాలు దగ్గరికి గుంజుకుండు."

"నా సంగతి?"

ఆమె చాయ్ గ్లాసులోకి చూసింది. "చెప్పిన. ఎవరమ్మా ఆమె, అన్నడు. యాదికి లేదంట."

నేను ఇన్నాళ్లూ మోసుకు తిరిగిన నవ్వు ఆయన బహుశా ఆ పూటే మర్చిపోయి ఉంటాడు. నా చాయ్ చల్లారిపోయింది. సీటు వచ్చినందుకు ఆమెను మెచ్చుకోవడం కూడా ఆలస్యంగా గుర్తొచ్చింది.

అప్పుడే బర్కత్‌పుర హాస్టల్ అమ్మాయి ఫైలు పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. వచ్చే ఏడు ఆమె వంతు. నేను లేచి ఎర్ర కుర్చీలో కూర్చుని, ఆ ఫైలు పక్కకు తోశాను.

"అట్ల కాదక్కా," అంది చెల్లె. "ఇప్పుడాయన కండ్లద్దాలు తీసి, టేబుల్ మీద పెట్టి అడుగుతుండు."

నేను నా కళ్లద్దాలు తీసి బండి బల్ల మీద పెట్టాను.

"నువ్వేమంటావమ్మా?"