ఒకే మైకు ముందు మా అన్నయ్యలు

మొన్న శుక్రవారం సాయంత్రం, దోహాలోని ఏషియన్ టౌన్‌లో మనవాళ్ళ పాటల కార్యక్రమం ఉందని మా అమ్మాయి నన్ను వెంటబెట్టుకెళ్ళింది. అక్కడ జగిత్యాల వైపు కుర్రాళ్ళిద్దరు, సైటులో పనిచేసేవాళ్ళట, చెరో గిటారూ పట్టుకుని ఒకే మైకు ముందు చెంపలు తగిలేంత దగ్గరగా నిలబడి తెలుగులో రాక్ అండ్ రోల్ పాడారు. ఒకరిది కింది గొంతు, మరొకరిది దానిమీద తేలిపోయే పై గొంతు. దిగి వచ్చాక ఎవరు నేర్పారని అడిగితే, "మా ఫోర్‌మన్ నేర్పిండమ్మా, ఆయనకు ఎన్కట లేబర్ క్యాంపుల ఎవరో సారు నేర్పిండట" అన్నారు. పేరు అడిగితే తెలిసింది, ఆ సారు మా చిన్నన్నయ్యే.

మా నాన్నగారు సికింద్రాబాదులో రైల్వే గార్డు. పక్క క్వార్టర్సులో ఆంగ్లో ఇండియన్ ఆంటీ గ్రామఫోను పెడితే చాలు, అన్నయ్యలిద్దరూ పిట్టగోడ మీద చేరి, మాటలకు అర్థం తెలియకపోయినా బాణీ మాత్రం పొల్లుపోకుండా పట్టేసేవారు. ఆ రోజుల్లో ఇంట్లో గిటారు కనబడితే కుర్రవాడు చెడిపోయాడనేవారని మీకూ గుర్తుండే ఉంటుంది. మా అమ్మ మాత్రం, చెడితే చెడ్డారు, ఇద్దరూ కలిసే చెడ్డారు కదా, ఒకరికొకరు తోడని సర్దుకుపోయేది. రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సుల్లో మొదలైన ఆ జంట, ఉద్యోగాల కోసం దోహా వచ్చేదాకా విడిగా ఒక్క పాటా పాడలేదు.

పెద్దన్నయ్య ఎలక్ట్రీషియన్‌గా ముందు వచ్చాడు, ఆ తర్వాత డ్రాఫ్ట్స్‌మన్ పనికి చిన్నన్నయ్యను రప్పించుకున్నాడు, పెళ్ళయ్యాక మావారి వెంట నేనూ వచ్చాను. వెస్ట్ బేలో ఇప్పుడు మేడలున్నచోట అప్పటికి ఇసుకా నీళ్ళే. అన్నయ్యలు నజ్మా పేటలో ఒక గదిలో ఉంటూ, వారమంతా డ్యూటీ చేసి, శుక్రవారం కంపెనీ క్లబ్బుల్లో పాడేవారు. వాళ్ళ క్యాసెట్టు ఒకటి నజ్మా దుకాణాల్లో కాపీల మీద కాపీలై తిరిగింది. ఆ క్లబ్బుల్లో పాడే ఫిలిప్పీన్స్ బృందాల వాళ్ళు కూడా వాళ్ళలాగే ఒకే మైకు ముందు నిలబడటం మొదలుపెట్టారు.

అంత బాగున్నప్పుడే పేచీ వచ్చింది. క్లబ్బు గేటు బయట నిలబడి వినే మన కూలీల కోసం చిన్నన్నయ్య తెలుగు మాటలు కట్టాడు. అవి ఆ బాణీలో ఇమడవని, నలుగురిలో నవ్వులపాలవుతామని పెద్దన్నయ్య కొట్టిపారేశాడు. ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాయి గానీ పాట ఆగలేదు; వచ్చే శుక్రవారం ఏ శ్రుతిలో మొదలుపెట్టాలో కూడా నా ద్వారానే అడిగించుకునేవారు.

ఒక శుక్రవారం, నేను ముందు వరసలోనే ఉన్నాను, పాట మధ్యలో చిన్నన్నయ్య ఉన్నట్టుండి తెలుగు చరణం ఎత్తుకున్నాడు. పెద్దన్నయ్య గిటారు ఆపేశాడు. చిన్నన్నయ్య తన గిటారు కుర్చీమీద పెట్టి, మెట్లు దిగి, తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. పెద్దన్నయ్య మళ్ళీ మొదలుపెట్టి, పై గొంతు తాను అందుకోకుండా, తన కింది గొంతు వరకే చివరిదాకా పాడాడు. తెలియనివాళ్ళు అపశ్రుతి అనుకున్నారు. తమ్ముడి చోటు అలాగే ఖాళీగా ఉంచాడని నాకు తెలిసి, ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఆ తర్వాత పెద్దన్నయ్య క్లబ్బుల వైపు వెళ్ళలేదు. చిన్నన్నయ్య సెలవు రోజుల్లో కూలీల క్యాంపులకు పోయి కుర్రాళ్ళకు పాట నేర్పుతూ ఉండిపోయాడు. ఏళ్ళు గడిచాక మా అమ్మాయి పుట్టినరోజుకు ఇద్దరినీ భోజనానికి పిలిచాను. నిద్రకు పేచీ పెడుతున్న పిల్లను భుజాన వేసుకుని చిన్నన్నయ్య ఆ తెలుగు పాటే కూనిరాగం తీస్తుంటే, వంటింట్లో చేయి కడుక్కుంటున్న పెద్దన్నయ్య అక్కడినుంచే కింది గొంతు కలిపాడు. కాసేపటికి ఆగి, "రెండో చరణంలో ఆ మాటేమిట్రా?" అన్నాడు. చిన్నన్నయ్య పిల్లను భుజం మార్చుకుని, ఆ చరణం మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఆ పై వారం నుంచి ఇద్దరూ కలిసే క్యాంపులకు వెళ్ళారు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. మెట్రోలో చూస్తుంటాను, ఎవరి చెవిలో పాట వాళ్ళది. ఎవరికీ ఇబ్బంది లేదు, పాటకు కరువూ లేదు. కాకపోతే మా అన్నయ్యలకు పక్కవాడు ఊపిరి తీసే చప్పుడు వినబడితే గానీ తమ వంతు ఎప్పుడో తెలిసేది కాదు. ఆ దగ్గరితనం ఒక అవసరంగా ఉండిన కాలం మనది.