ఖాలా వాళ్ల కుర్చీ

మా తమ్ముడి ఆట చూడనివాళ్లు సికింద్రాబాదులో తక్కువ. ఆ తక్కువమందిలో నేనొకదాన్ని. అమ్మ పోయేనాటికి వాడింకా గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. వాడికి అడుగులు వేయించింది నేను, ముక్కు తుడిచింది నేను, చిరిగిన నిక్కర్లు కుట్టింది నేను. పెద్దయ్యాక మ్యాచ్ ఆడి వచ్చిన రోజున వాడి మోకాళ్లకు పసుపు అద్దింది కూడా నేనే. ఆ మోకాళ్లు ఎలా పగిలాయో మాత్రం ఊరంతా చూసేది, నేను తప్ప.

అప్పుడు మేము సీతాఫల్‌మండిలో ఉండేవాళ్లం. మా ఆయనది రైల్వేలో కొలువు. తమ్ముడు మా దగ్గరే ఉంటూ రైల్వే కార్ఖానాలో పనిచేసేవాడు, ఆ కార్ఖానా ఫుట్‌బాల్ జట్టులోనే ఎడమ వైపు ఆడేవాడు. "నన్నొక్కసారి తీస్కపోరా" అంటే, "యాడ కూసుంటవ్ అక్కా? మొగోళ్లకే కాలు పెట్ట జాగ లేదు" అనేవాడు. వాడన్నది నిజమే. మైదానానికి మూడు వైపులా జనం నిలబడి చూసేవారు, అక్కడికి ఆడవాళ్లు పోయే ఆచారం లేదు. నాలుగో వైపు కుర్చీలు. వాటికి ఏ రోజుకారోజు టికెట్టు అమ్మరు. సీజన్ మొదట్లోనే పాసు తీసుకున్న ఇళ్లవాళ్లవి అవి. ఆ కుర్చీల చివర, సన్నటి వెదురు పుల్లల తెర వెనక, ఆడవాళ్ల కోసం జనానా ఉండేది. అదీ పాసులవాళ్లకే.

నిజాం రాజ్యం మీదికి ఇండియా సైన్యం వచ్చిన పోలీస్ యాక్షన్ అయ్యాక కొన్ని నెలలకు జరిగిన సంగతి ఇది. ఆ గడబిడలో ఆగిపోయిన మ్యాచ్‌లు మళ్లీ షురూ అయ్యాయి, పాత పాసులే చెల్లుతాయని చెప్పారు. పాసులైతే చెల్లాయి గాని వాటిని పట్టుకుని వచ్చేవాళ్లేరి? కొందరు ఊరే విడిచిపోయారు. కొందరికి కొలువులు పోయాయి. కొందరికి నలుగురి మధ్యకు రావడానికి మనసొప్పలేదు. ఇటు నిలబడే వైపు ఊపిరాడని జనం, అటు ఎండలో కాగుతున్న ఖాళీ కుర్చీలు. మా ఆయన ప్రతిసారీ తిట్టుకుంటూ ఇంటికొచ్చేవాడు. "రాకుంటే రాకపాయె, ఇంకోనికన్న ఇయ్యొచ్చు గద!"

ఇవ్వడం కాదు, అమ్మడం మొదలైంది. మైదానం ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో ఒకడు మకాం పెట్టాడు. రానివాళ్ల ఇళ్లకు పోయి పాసులు కొనుక్కొచ్చి, మ్యాచ్ రోజున చాయ్ తాగుతూ బ్లాకులో అమ్మేవాడు. జనానా పాసు దొరుకుతుందేమో అడగమని మా ఆయన్ను పంపాను. వెళ్లొచ్చిన మనిషి ధర చెప్పకుండా చెంబెడు మంచినీళ్లు తాగాడు. నేను మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మా ఇంటికి గోడ కలిసిన ఇల్లు ఒక కోర్టు గుమాస్తాది. ముసల్మానులు, ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. ఆవిడను ఖాలా అని, ఆయన్ను ఖాలూ అని పిలిచేదాన్ని, మనం పిన్నీ బాబాయీ అన్నట్టు. ఖాలూకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. మగవాళ్ల కుర్చీల్లో ఆయనకొకటి, జనానాలో ఖాలాకొకటి ఏళ్ల తరబడి ఉండేవి. పోలీస్ యాక్షన్ తర్వాత ఆయన కొలువు పోయింది. మనిషి గడప దాటడం మానేశాడు. ఆయన పోకపోతే ఖాలా కూడా పోదు. వాళ్లింట్లో ఇత్తడి సామాను ఒక్కొక్కటే బజారుకు పోతున్న సంగతి గోడ ఇవతల ఉన్న నాకు తెలియకుండా ఎలా ఉంటుంది?

హోటల్ మనిషి వాళ్లింటికీ వచ్చాడు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తూ అంతా విన్నాను. వాడు ధర పెంచుకుంటూ పోతున్నాడు, ఖాలూ వద్దంటున్నాడు.

"ఖాళీగ ఉంటె ఏమొస్తది సాబ్, చెప్పుండ్రి?" అన్నాడు వాడు విసుగ్గా.

"నాకు అటుపక్క ఇటుపక్క నా దోస్తులు కూసుంటరు భాయ్" అన్నాడు ఖాలూ. "వాళ్ల నడుమల తెల్వనోణ్ని తెచ్చి ఎట్ల కూసోబెడ్త? వాళ్లేమనుకుంటరు?"

నాకు ఒళ్లు మండింది. ఇంట్లో దేకిశాలు అమ్ముకుంటూ ఈ నవాబీ ఏమిటి అనుకున్నాను. నా బుద్ధి అప్పుడంతే ఉండేది, ముక్కు మీద కోపం, నోట్లో మాట.

అంతలో తమ్ముడికి బదిలీ కాగితం వచ్చింది. చాలా దూరం, రైల్లో పోయినా మర్నాటికి గాని చేరని ఊరు. వచ్చే శుక్రవారం ఇక్కడ ఆడేదే ఆఖరి మ్యాచ్. ఆ మాట చెప్పి వాడు మామూలుగానే అన్నం తిని పడుకున్నాడు. నేను మాత్రం గిన్నెలు తోముతూ ఏడ్చాను. పెంచి పెద్దచేశాను, వాడు దేనికి పుట్టాడో అది మాత్రం చూడకుండానే పంపేస్తున్నానని ఏడ్చాను. నా ఏడుపు కాస్త గట్టిదే. గోడ అవతలికి వినిపించింది.

మర్నాడు ఖాలా వచ్చింది. చెంగు కింద నుంచి పాసు తీసి నా చేతిలో పెట్టింది. "శుక్రవారం నా కుర్చీల నువ్వు కూసో" అంది.

"ఖాలూ ఒప్పుకోడు ఖాలా. తెల్వనోళ్లను కూసోబెట్టనని అన్నడు గద" అన్నాను.

"నువ్వు తెల్వనిదానివా? పాసు తీసిచ్చిందే ఆయన."

నేనేమన్నానో గుర్తులేదు. ఆవిడ చేతులు పట్టుకున్నానని మాత్రం గుర్తుంది. మొన్న పెరట్లో ఆయన్ను మనసులో ఎన్నెన్ని మాటలన్నానో తలుచుకుంటే తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇక్కడ జనానా కుర్చీల మర్యాద ఒకటి చెప్పాలి. అవి చెక్క కుర్చీలు, నల్లుల పుట్టలు. అందుకని ప్రతి ఇంటివాళ్లూ తమ కుర్చీ మీదికి ఒక చిన్న మెత్త కుట్టించి అక్కడే పెట్టేవారు. మెత్తలన్నీ జనానా తలుపు దగ్గర కాపలా ఉండే నానీమా అనే ముసలావిడ దగ్గర ఉండేవి. వాటి గలీబులు మాత్రం ఎవరివి వాళ్లు ఇంటికి తీసుకుపోయి, ఉతికి, మళ్లీ మ్యాచ్‌కు తెచ్చుకోవాలి. గలీబు మీద ఎవరింటి పువ్వు వాళ్లది. నానీమా ఆ గలీబు అందుకుని మెత్తకు తొడిగి, కుర్చీ మీద వేసి, "రా తల్లీ" అనేది. రానివాళ్ల కుర్చీల మీద కూడా ఆమె ప్రతి మ్యాచ్‌కూ ఉత్త మెత్తలు వేసి ఉంచేది. వాళ్లొస్తారని ఆమెకు నమ్మకం.

శుక్రవారం ఖాలా నాకు తలదువ్వి, గులాబీ అత్తరు పూసి, గలీబు ఇచ్చింది. తెల్లటి కొత్త గుడ్డ. దాని మీద ఆకుపచ్చ దారంతో తులసి కొమ్మ. రెండు మధ్యాహ్నాలు కూర్చుని నాకోసమే కుట్టిందట.

"మా పాతది వాడింది బిడ్డా. మీరు దీపం పెట్టి పూజ చేసెటోళ్లు. వాడిన గుడ్డ మీద నిన్ను కూసోబెట్ట మనసొప్పలే" అంది.

వాళ్లింట్లో రంజానుకు సేమ్యా పాయసం గిన్నె నాకి తిన్న నాకు ఈ మడి ఎందుకని నవ్వొచ్చింది. కానీ ఆ తులసి కొమ్మ చూశాక నవ్వలేకపోయాను. ఖాలాకు తెలిసిన రిక్షావాడు పరదా కట్టి నన్ను మైదానానికి తీసుకుపోయాడు. మా ఆయన ఆ పూట డ్యూటీలో ఉన్నాడు.

జనానా తలుపు దగ్గర నానీమా నా పాసు వైపు చూడనే లేదు. గలీబు అందుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇది ఎవరిది?"

కోర్టు గుమాస్తా గారి ఇంటిదని చెప్పాను.

"వాళ్లది జంట చిలకల గలీబు. ఇది కాదు. హోటల్ల కొన్నవా పాసు?"

"కొనలేదు, వాళ్లే ఇచ్చిండ్రు" అన్నాను.

"అందరు గట్లనే అంటరు. పాసు ఎవరికన్న దొరుకుతది తల్లీ. ఆ బేగం వస్తె ఎక్కడ కూసుంటది? నేనేం జవాబు చెప్పాలె?"

నేను బతిమాలాను, తర్వాత గొంతు పెంచాను. ఆమె కోపం తెచ్చుకోలేదు, తలుపు నుంచి కదలలేదు. లోపల ఈల వేశారు. మ్యాచ్ మొదలైంది. తలుపు సందులోంచి నాకు ఖాళీ కుర్చీలే కనిపించాయి. వాటి మీద ఉత్త మెత్తలు. నాలాంటిది వచ్చి కూర్చుంటే ఎవరి సొమ్మేం పోతుందని పళ్లు నూరుకున్నాను. అవతల జనం ఒక్కసారిగా అరిచారు. గోల్! ఆ అరుపులో తమ్ముడి పేరు వినిపించింది. గోడకు ఆనుకుని అక్కడే కూలబడ్డాను. ఇరవై ఏళ్లు పెంచినదాన్ని, వాడి గోల్‌కు గోడ ఇవతల ఉన్నాను.

రిక్షావాడు ఇదంతా చూస్తూ నిలబడి, నాతో ఒక్క మాటైనా అనకుండా రిక్షా తిప్పుకుని పోయాడు. వీడు కూడానా అనుకున్నాను. పోయింది ఇంటికని నాకేం తెలుసు? "ఆమెను లోపలికి రానిస్తలేరమ్మా, గుడ్డ మీది కాదంటుండ్రు" అని ఖాలాకు చెప్పాడట. ఖాలా నెత్తి కొట్టుకుందట. ఏళ్ల తరబడి నానీమా ఆవిడను గొంతుతోనే గుర్తుపట్టేది, గలీబుతో ఇంత పని ఉంటుందని ఆవిడకెప్పుడూ తట్టలేదు.

సగం ఆట అయిపోయాక ఆ రిక్షా మళ్లీ వచ్చింది. అందులోంచి ఖాలూ దిగాడు. ఇన్ని నెలలుగా గడప దాటని మనిషి. ఇంటి చెప్పులు, పైన షేర్వానీ లేదు, తల మీద టోపీ లేదు. ఆ రోజుల్లో ఆయనలాంటివాళ్లు వాకిట్లోకి కూరగాయల బండి వచ్చినా టోపీ లేకుండా బయటికి రారు. బజారు మధ్యలోంచి ఉత్త తలతో వచ్చాడు. చేతిలో జంట చిలకల గలీబు.

తలుపుకు పక్కగా నిలబడి, లోపలికి చూడకుండా దగ్గాడు. "నానీమా, నేనే. ఈ పిల్ల మా బిడ్డ. జెర కూసోబెట్టు."

నానీమా గలీబు చూసింది, ఆయన్ను చూసింది. ముసలావిడ కళ్లు నిండాయి. "వచ్చినవా నాయనా! బతికున్నవా!" అంది. నా చెయ్యి పట్టుకుని, "నా కండ్లు మండ, నిన్ను ఎండల నిలబెట్టిన" అంటూ లోపలికి తీసుకుపోయింది. తులసి కొమ్మ గలీబు తొడిగి, దాని మీద చిలకల గలీబు పరిచింది.

ఆ తర్వాత నేను చూసింది సగం ఆటే. కానీ చూశాను. వెదురు పుల్లల సందుల్లోంచి తమ్ముడు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంటే నానీమా తెర అంచు వేలితో కాస్త ఎత్తి పట్టుకుంది. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా మొహమాటపడేవాడు, అక్కడ వాడికి రెండింతలున్న మొగాళ్లను కేకలేసి అటు ఉరుకు, ఇటు ఉరుకు అని పురమాయిస్తున్నాడు! ఉత్త కాళ్లతో బంతిని పాదానికి అంటిపెట్టుకుని గీత వెంబడి పరుగెడుతుంటే నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఒకసారి పడ్డాడు. లేచి, తనను పడేసి తానూ పడ్డవాడికే చెయ్యిచ్చి లేపాడు. వీణ్ని పెంచింది నేనేనని పక్కావిడతో చెప్పాను, ఆమె అడగకుండానే. చివరికి తమ్ముడి జట్టు ఓడిపోయింది. నాకు కించిత్తు కూడా బాధ వేయలేదు.

బయటికొచ్చేసరికి జనం పలచబడుతున్నారు. ఖాలూ ఆ గోడ పక్కనే ఉన్నాడు. జేబురుమాలు నాలుగు మూలలా ముడివేసి తలకు పెట్టుకున్నాడు. ఆయన పాసు ఆయన జేబులోనే ఉంది, ఆయన కుర్చీ లోపల ఖాళీగానే ఉంది.

"ఇక్కడ్నే నిలబడ్డరా ఖాలూ? లోపల కూసోకపోయినరా?"

"ఉత్త నెత్తితోని దోస్తుల నడుమకు ఎట్ల పోత బిడ్డా" అన్నాడు ఖాలూ. ఎవరు గెలిచారని అడగలేదు. కార్ఖానా జట్టు ఎలా ఆడిందని అడగలేదు. ఫుట్‌బాల్ అంటే ప్రాణమిచ్చే మనిషి, గోడ ఇవతల అరుపులు వింటూ అంతసేపు నిలబడ్డవాడు, నన్ను ఒక్కటే అడిగాడు.

"తమ్ముడు కనబడ్డడా?"

"కనబడ్డడు ఖాలూ" అన్నాను. "మంచిగ కనబడ్డడు."

"బస్, ఇంకేం గావాలె" అని ఆయన రిక్షా పరదా ఎత్తి పట్టుకున్నాడు. నేను ఎక్కాను. ఆయన పక్కన నడుస్తూ వచ్చాడు. ఇల్లు చేరేదాకా నేను పరదా లోపల ఏడుస్తూనే ఉన్నాను, ఈసారి గోడ అవతలికి వినిపించకుండా.