పార్కు గడ్డి మీద ఫరంపేట లేసు

ఆ రోజుల్లో మాకు యానాం దాటి కాకినాడ వెళ్లడమే దేశాటన. అలాంటిది ఎనభైలలో ఒక ఏడాది పాండిచ్చేరిలోని పెద్ద పార్కులో దేశదేశాల వస్తువులతో ఎగ్జిబిషను పెడుతున్నారని, యానానికీ ఒక స్టాలు ఇచ్చారని కబురొచ్చింది. యానాంలోని మా ఫరంపేట ఆడవాళ్లమంతా కలిసి అల్లిన లేసు బల్లగుడ్డ పట్టుకుని నేనూ, మా మేనత్తా రైలెక్కాం. బడి గడప తొక్కకుండా, అమ్మ పక్కన కూర్చునే బైబిలు చదవడమూ లేసు అల్లడమూ నేర్చుకున్న నాకు అదే మొదటి రైలు. (అత్తకూ అదే మొదటిది. కానీ రోజూ ఎక్కేదానిలా కూర్చుంది.)

ఆ కుదుపులకి పులిహోర గిన్నె మూత ఊడి గుడ్డ నడిమధ్యన పసుపు అంటుకుంది. మర్నాడు పొద్దున పార్కులో, స్టాళ్లు చూసుకునే గుమస్తాగారు ఆ మరక చూసి బెంబేలెత్తిపోయారు. "పదింటికి బహుమతులిచ్చే జడ్జీలొస్తారమ్మా. చూపించడానికేం లేకపోతే స్టాలు మూసేయడమే!" పేటలోని ఆడవాళ్లందరి ముఖాలూ నా కళ్ల ముందు తిరిగాయి. "ప్రభువా, మా పరువు నీదే" అనుకున్నాను. అత్త కొంగు బిగించింది. "ఏడుపెందుకే? ఇంటికాడైతే ఏం చేత్తాం? ఉతికి, గంజెట్టి, ఆరేత్తాం. పద!"

పార్కు కుళాయి దగ్గర సబ్బు తగలగానే పసుపు కాస్తా ఎర్రబడింది. నా ప్రాణం పోయినంత పనైంది. అత్త మాత్రం "ఎండ చూసుకుంటదిలే" అంటూ, హోటలువాళ్లను అడిగి తెచ్చిన గంజిలో గుడ్డ ముంచి, పచ్చిక మీద గుండ్రంగా పరిచి, చుట్టూ సంచిలోంచి తీసిన తుమ్మముళ్లు గుచ్చింది. (గుండుసూదులు తుప్పు మరక వేస్తాయని మా పేటలో లేసుకు ముళ్లే వాడతాం.) అంతలో కావలివాడు ఈల ఊదుకుంటూ వచ్చాడు. "గడ్డి మీద రాకూడదమ్మా! తియ్యి!" అని వచ్చీరాని తెలుగులో కేకలు.

"ఇప్పుడు పీకితే వంకరపోద్ది బాబూ. కాసేపు ఆ కాకుల్ని తోలు, పుణ్యముంటది."

ఏమనుకున్నాడో ఏమో, పాపం, తోలాడు!

పదయ్యేసరికి మరకను ఎండ మింగేసింది. పచ్చటి గడ్డి మీద తెల్లటి లేసు, అల్లికలోని కన్ను కన్నూ లెక్కపెట్టేలా మెరుస్తుంటే, జనం మూగారు. జనాన్ని చూసి జడ్జీలూ అక్కడికే వచ్చారు. "ఇలా నేల మీద ప్రదర్శించాలన్న ఆలోచన ఎవరిది?" అని వాళ్లడిగింది గుమస్తాగారు తెలుగులో చెప్పారు.

"ఇంకా ఆరలేదండి" అంది అత్త.

దాన్ని ఆయన ఇంగ్లీషులో ఏం చేసి చెప్పారో గాని, చప్పట్లు మోగాయి. మొదటి బహుమతి మాదే!

ఊరికొచ్చాక ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే అత్త లేచి, "గంజి మేం పెట్టాం, ఎండ ఆయనిచ్చాడు" అని కూర్చుంది. అంతకన్నా మంచి ప్రార్థన నాకు ఇప్పటికీ రాదు. ఇక నేను బహుమతొచ్చిన రాత్రి, ప్రపంచాన్నంతా గెలిచేశాననుకుని, పతకం మెడలో వేసుకునే పడుకున్నాను. అప్పటి నాలోని ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. లేపి, ప్రపంచం ఆ పార్కుకన్నా పెద్దదన్న నిజం చెబుదామంటే మాత్రం మనసొప్పదు.