అత్త నిలవబెట్టిన కొవ్వు

చేతిలో పేపరు, నోటికి తీరిక ఉంటే చదువుకున్నవాడు ఎంత నష్టం చేయగలడో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

రెండు వేల దశకం మధ్యలో, కర్నూల్లో ఒక జూనియర్ కాలేజీలో నాకు జువాలజీ చెప్పే ఉద్యోగం కొత్తగా వచ్చింది. కాళ్లు నేల మీద ఆనేవి కావు. మా మేనత్త సుబ్బలక్ష్మమ్మకు కల్లూరులో బెల్లం దుకాణం. మోకాళ్లు అరిగాయని, పది కిలోలు తగ్గమని డాక్టరు ఆమెకు చెప్పాడు. నరసింహస్వామి ఉత్సవాలకు కొండ మీది ఎగువ అహోబిలం నడిచి ఎక్కుతానని మొక్కు ఉంది మరి. రోజూ పొద్దున్నే నడిచేది, మధ్యాహ్నం ఒక్క ముద్ద సంగటితో లేచేది. నాలుగు కిలోలు తగ్గింది కూడా.

సరిగ్గా అప్పుడే నేను పేపరు పట్టుకుని దుకాణానికి వెళ్లాను.

"అత్తా, కొవ్వులో మూలకణాలు ఉంటాయంట. వాటితో అరిగిన మోకాలి గుజ్జు మళ్లా పెంచొచ్చేమోనని చూస్తాండారు."

"ఎవురి కొవ్వులోనప్పా?"

"ఎవురి కొవ్వు వాళ్లకే. పొట్టలోంచి రవంత తీసి..."

అత్త తన పొట్ట వైపు చూసుకుంది, గోదాములో మూటలు చూసుకున్నట్టు. "మన ఊరికి ఎప్పుడొస్తాది?"

"ఎంతలే, రెండేండ్లు!" అన్నాను. పేపర్లో ఆ మాట లేదు.

వాళ్లది తరతరాల వ్యాపారం. రేపు గిరాకీ వచ్చే సరుకును ఈరోజు వదులుకోవడం ఇంటావంటా లేదు. మర్నాటి నుంచి నడక బంద్. సంగటి మీద నెయ్యి, సాయంత్రం బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు. ఎవరైనా అడిగితే "సరుకు నిలవ పెడ్తాండా" అనేది. నేనేమో పక్కనే కూర్చుని, నాలుగు ఓళిగలు తిని తలూపేవాణ్ణి.

మూడు నెలలకు అత్తను నేనే తీసుకెళ్తే డాక్టరు తూకం చూశాడు.

"ఏమ్మా, తగ్గినదంతా మళ్లీ వచ్చింది, పైన ఇంకో ఆరు కిలోలు!"

"దాంతోనే మోకాళ్లు బాగుచేస్తారంట కదా సార్?"

డాక్టరు కళ్లజోడు తీశాడు. "అది ఇంకా పరిశోధనలోనే ఉందమ్మా. రేపు వచ్చినా కావాల్సింది కొంచెం కొవ్వే, బక్కవాళ్ల దగ్గరా దొరుకుతుంది. ఈ బరువంతా మోసేది మాత్రం నీ మోకాళ్లే. ఎవరు చెప్పినారు నీకు?"

నేను గోడ మీది క్యాలెండరు శ్రద్ధగా చదువుతున్నాను.

"పేపర్లో పడిందంట సార్" అంది అత్త. నా పేరు ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఉత్సవాలకు ఆమె దిగువ అహోబిలం దాకానే రాగలిగింది. మండపంలో కూలబడి, టెంకాయ నా చేతిలో పెట్టింది. "నువ్వు ఎక్కి రాప్పా. నా కాళ్లు పోవు."

ఆ దారి ఎక్కుతుంటే నాకు ఏడుపొచ్చింది, ఆయాసం కూడా వచ్చింది. ఆ ఓళిగలు నాలోనూ నిలవ ఉన్నాయి కదా. చెమటలు కక్కుతూ దిగివచ్చి ప్రసాదం ఇస్తే, అత్త నా పొట్టను తట్టి చూసింది.

"ఎవురి కొవ్వు వాళ్లకే అంటివి. ఇది నాకు యాడ పనికొస్తాది? దింపుకో. రేపట్నుంచి ఇద్దరం నడుద్దాం. వచ్చేయేడు నేనే ఎక్కుతా."

ఆ మండపంలోనే నరసింహస్వామి మీద ఒట్టు పెట్టుకున్నాను. శాస్త్రజ్ఞులు 'చూస్తున్నాం' అన్నచోట నేనూ 'చూస్తున్నారు' అనే చెబుతాను, ముహూర్తం పెట్టను. ఓళిగల గురించి మాత్రం ఏ ఒట్టూ పెట్టుకోలేదు.