పిలిస్తే వచ్చిన పొట్టేలు

నా చిన్నప్పుడు ఎవరైనా ఎవరినైనా మరీ ముద్దు చేస్తుంటే నాకు అనుమానం వచ్చేది. ఆ అనుమానం నాకు అంటించింది మా తాతే. ఆయన బోగోలులో పరుపులు కుట్టేవాడు. బక్రీదుకు రెండు నెలల ముందే ఒక పొట్టేలును తెచ్చి పెరట్లో కట్టేవాడు. అవిశ ఆకులు తన చేత్తోనే తినిపించేవాడు. ఎండ తగిలితే నీడకు మార్చి కట్టేవాడు, వాన పడితే పాత పరుపు గుడ్డ పరిచేవాడు. కోసుకు తినబోయే జీవానికి ఇన్ని మర్యాదలు దేనికి? బరువు పెరగడానికేనని ఒకరోజు, ఇరుగుపొరుగు మెచ్చుకోవడానికని ఇంకోరోజు అనుకునేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు తెచ్చినదానికి మూతి చుట్టూ నల్లమచ్చ ఉండేది. తాత గొంతు వింటే చాలు, మేత వదిలేసి వచ్చేది. దాని నమ్మకం చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎలాగైనా దాన్ని బతికించాలనుకున్నాను. తాత పనికి వెళ్లగానే చీపురుకట్టతో కొట్టేదాన్ని. మనుషులంటే భయం పుడితే పండగనాడు తాడు తెంచుకుని పారిపోతుందని నా ఆశ. మూడోరోజే దొరికిపోయాను.

తాత కేకలేయలేదు. నా పథకమంతా విని, "అది ఉండే నాలుగు దినాలు గూడా బెదరగొడతా ఉండావే, మే. ఇది దాని కోసమా, నీ మనసు కోసమా?" అన్నాడు. నాకు సిగ్గేసింది. అయినా, మాట తిప్పేస్తున్నాడనే అనుకున్నాను.

పండగనాడు నమాజు అయ్యాక కోసే మనిషి వచ్చాడు. పొట్టేలుకు కనపడకుండా తాత కత్తికి ముందే గుడ్డ చుట్టించాడు. కొత్తమనిషిని చూసి అది గోడకు అతుక్కుపోయింది, ఎంత లాగినా కదల్లేదు. నా పాచిక పారిందని సంబరపడ్డాను. అప్పుడు తాత మెల్లగా పిలిచాడు. అది నేరుగా ఆయన దగ్గరికి వచ్చి, ఆయన పట్టిన నీళ్లు తాగింది.

అంతా అయ్యాక, నిన్ను నమ్మే వచ్చింది గదా తాతా, ఇది మోసం గాదా అని ఏడుస్తూ అడిగాను. ఏదో ఒకటి చెప్పి సర్దేస్తాడనుకున్నాను.

"మోసమే, మే. బాగా సాకినానని అది మోసం గాకుండా పోదు. అందుకే పిలిచే పని ఇంకొకరికి ఇయ్యను," అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. ఆ మధ్యాహ్నం ఆయన తిన్నాడు, నేనూ తిన్నాను. ఆ ఏడు పెద్ద ముక్క కావాలని నేను అడగలేదు.

మొన్న మా మనవరాలు నెల్లూరులో కోడిమాంసం పొట్లం కొనుక్కొచ్చింది. ఆరుబయట హాయిగా తిరిగిన కోళ్లని దానిమీద రాసుంది. నిజమైతే మేలే, కాదనను. కానీ ఆ రాత కోడి కోసమా, మన మనసు కోసమా అని నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఈ కోడి ఎవరు పిలిస్తే వచ్చిందే అని అడిగితే పిల్ల నవ్వేసింది.

కూర బాగానే ఉంది. పిలిచింది నేనేనని అనుకుంటూ తిన్నాను.