ఆళ్లగడ్డలో తాళం పడిన ఇల్లు

నేను పిల్లల కోసం దయ్యాల కథలు రాస్తాను. నంద్యాలలో మా బంధువులకు ఇదో పెద్ద పరిహాసం. "పొద్దున్నే ఏ దయ్యాన్ని లేపినావమ్మా?" అని పలకరిస్తారు. రాసిన ప్రతి కథనూ ముందు మా చెల్లెలి కూతురికి వినిపించేదాన్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఆ పిల్ల దగ్గర నేనే లోకువ. ఎంత భయంకరమైన దయ్యాన్ని తెచ్చినా పెదవి విరిచేది. "ఇది చానా మంచి దయ్యం పెద్దమ్మా, ఇంగా భయం పెట్టు" అనేది.

మొన్న ఎండాకాలం ఆళ్లగడ్డలో మా చెల్లెలు జ్వరంతో పోయింది. మా ఏడుపులు ఆగకముందే పెద్దవాళ్లు పంచాంగం చూపించారు. పోయిన నక్షత్రం మంచిది కాదట, ఆరు నెలలు ఆ ఇంట్లో ఎవరూ ఉండకూడదట. తాళం వేసి, వాకిట్లో ముళ్లకంప అడ్డం పెట్టారు. నాకు ఒళ్లు మండింది. బతికినన్నాళ్లూ ఆ ఇంటిని ఊడ్చి తుడిచిన మనిషి, పోయిన మరునాడే ఆ ఇంటికి కీడైపోయిందా? కానీ చావింట్లో ఎవరితో పోట్లాడను? మరిది అద్దె గదికి మారాడు. పిల్లను నేను తెచ్చుకున్నాను. మేము నంద్యాలలోనే వేరే ఇంటికి మారింది ఈ మధ్యే. చెల్లెలు ఆ ఇల్లు చూడనే లేదు.

పిల్ల కథలు అడగడం మానేసింది. ఒక మధ్యాహ్నం నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, దయ్యాలు వాళ్లు బతికిన ఇంటికే గదా వచ్చేది?"

"కథల్లో అంతేమ్మా."

"మరి అమ్మొస్తే తాళం ఉంటాది. మేం యాడికి పోయినామో అమ్మకెట్ల తెలుస్తాది?"

దయ్యాల గురించి పిల్లలు ఏమడిగినా ఠక్కున చెప్పేదాన్ని. ఆ రోజు ఈనె తీసేసిన కాయనే మళ్లీ తీసుకుని ఈనె కోసం వెతికాను. దయ్యాలు లేవని చెప్పవచ్చు. అలా చెబితే అమ్మ ఇక రాదని చెప్పినట్టే. దానికి మిగిలిన ఆశ అదొక్కటే, తుంచడానికి నాకు మనసు రాలేదు. మరునాడు ఇద్దరం ఆళ్లగడ్డ బస్సెక్కాం.

మమ్మల్ని చూసి ఎదురింటి అవ్వ అరుగు దిగింది. "ఏందమ్మా, గడువు తీరకుండానే పిల్లను పిల్చకొచ్చినావ్? ఆ తలుపు ముట్టొద్దు!"

పిల్ల తలుపు ముట్టలేదు. కంపకు ఇవతలే నిలబడి, లోపల వంట చేస్తున్న అమ్మతో మాట్లాడినట్టు మామూలుగా చెప్పింది.

"అమ్మా, మేం ఈడ లేం. నేను నంద్యాల్లో పెద్దమ్మోళ్ల కొత్తింట్లో ఉండా. బస్టాండులో దిగి నేరుగా నడిచి రా. పాలకేంద్రం దాటినాక కుడిపక్క సందు."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల దారి తప్పు చెప్పింది.

నేనూ కంప దగ్గరికి వెళ్లి, "కుడి కాదే, ఎడమపక్క సందు" అని మా చెల్లెలికి చెప్పాను.