మాస్టారి కొరమేను కోసం మామిడికుదురు దాకా

ఈ ప్రయాణానికి కారణం ఒక చేప. అది ఉందో లేదో ఎవరికీ తెలియదు. మా ఆఫీసులో నా పక్క సీటు సునీతది మామిడికుదురు దగ్గర ఒక ఊరు. వాళ్ల చిన్నాన్న రత్నంగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. పోయినేడు ఆ ఊరి కొబ్బరితోటలో ఉన్న గుంటలో ఆయన గాలానికి పెద్ద కొరమేను పడి, తాడు తెంపుకుని పోయిందట. చూసినవాళ్లెవరూ లేరు. అప్పట్నుంచీ ఆయన్ని ఏడిపించడం ఊరందరికీ కాలక్షేపమైపోయింది. "జీవితంలో అబద్ధం ఆడని మనిషే. పైకి నవ్వేస్తారు గానీ లోపల బాధపడుతున్నారు. నువ్వు గాలాలు పట్టుకుని ఊరూరా తిరుగుతావుగా, వెళ్లి తేల్చి రా," అంది సునీత. విజయవాడ కాలవ గట్ల మీద ఆదివారాలన్నీ గడిపేసే నాకు ఆ మాట చాలు. చేపను కళ్లతో చూడకుండా వెనక్కి రాకూడదని తీర్మానించుకుని ఫిబ్రవరి నెలాఖరులో బయల్దేరాను.

విజయవాడ నుంచి నరసాపురానికి రైలుంది. సాయంత్రం ఎక్కితే రాత్రి భోజనం వేళకి దిగొచ్చు. లాడ్జిలో గది తొమ్మిది వందలు. తెల్లారకుండానే రేవుకెళ్లి మొదటి పంటు ఎక్కాను. మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ కలిపి వశిష్ఠ గోదావరిని దాటించే బల్లకట్టు అది. టికెట్టుకి చిల్లర డబ్బులు చాలు. అవతల సఖినేటిపల్లి. అక్కడి నుంచి బస్సైతే రాజోలులో మారాలి. నా చేతిలో ఆరడుగుల గాలం కర్ర ఉంది కాబట్టి నాలుగు వందలకి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు అద్దంలోంచి ఆ కర్రనే చూస్తూ వచ్చాడు.

"ఎవరింటికండీ?" అన్నాడు చివరికి.

"రత్నం మాస్టారింటికి."

"ఆయ్, కొరమేను మాస్టారింటికాండీ," అని మరి దారి అడగలేదు.

మాస్టారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. తెల్లచొక్కా, చేతిలో వెదురు గాలం. ఆయన భార్య సుగుణమ్మగారు వేడివేడి ఇడ్లీలు పెడుతూనే మొదలుపెట్టారు. "రామ్మా. ఆ చేప మా ఇంట్లో పిల్లల కంటే తొందరగా పెరుగుతోంది. ఈస్టరుకి మోచెయ్యంతుంది, క్రిస్మస్‌కి కాలంతయ్యింది. ఈయన గాలం తీసిన ప్రతిరోజూ నేను ఎందుకైనా మంచిదని పొద్దున్నే కందిపప్పు నానబోసేస్తాను. ఇవేళా పోసేసేను." మాస్టారు నవ్వారు. ఆ నవ్వు అలవాటు మీద వచ్చిందని నాకు తెలిసిపోయింది. నాకెందుకో ఆ పప్పు మీద కోపమొచ్చింది.

గుంట ఇంటికి దగ్గరే. తోటవాళ్లని ముందే అడిగి ఉంచారాయన. ఇళ్ల స్థలాలు మెరక చెయ్యడానికి మట్టి తవ్వుకుపోతే మిగిలిన గొయ్యి అది. గట్టిగా రాయి విసిరితే అవతలి గట్టు మీద పడుతుంది. సగం నీళ్లని గుర్రపుడెక్క కప్పేసింది. పడమటి వైపు ఒక కొబ్బరి మొద్దు నీళ్లలోకి వాలి ఉంది, అడుగునంతా కుళ్లిన మట్టలు. చుట్టూ చెట్లు దగ్గర దగ్గరగా ఉండటంతో గాలం వెనక్కి ఎత్తి విసిరే వీలు లేదు. ఇంత చిన్న నీటిలో ఇన్ని అడ్డంకులు నేనెప్పుడూ చూడలేదు.

"ఆ మొద్దు పక్కనేనండి తెంపేసింది," అన్నారు మాస్టారు మెల్లిగా.

ముందు వానపాములతో మొదలుపెట్టాను. పరిగెలూ మట్టగిడసలూ లాంటి చిన్న చిన్న చేపలు పెళ్లిభోజనానికి వచ్చినట్టు వచ్చాయి. గాలం ముల్లు దించడం ఆలస్యం, ఎర ఖాళీ. పట్టినవాటిని పట్టినట్టే వదిలేసి, రబ్బరు కప్ప కట్టాను. కొరమేనుకి ఆకుల మీద కదిలే కప్పంటే ప్రాణం. ఒక కప్ప మట్టల్లో ఇరుక్కుని పోయింది. రెండోది కొబ్బరిచెట్టెక్కి అక్కడే ఉండిపోయింది. పదింటికి ఎండ నెత్తిన కూర్చుంది. పదకొండు దాటాక గుర్రపుడెక్క మధ్య నీళ్లు ఒక్కసారిగా పగిలి కప్ప మాయమైంది. నేను ఆత్రంగా లాగేశాను. కప్ప ఖాళీగా వచ్చి నా మోకాలికి తగిలింది. కొరమేను కప్పని నమిలి లోపలికి తీసుకునేదాకా ఆగాలని నాకు తెలుసు, పదిమందికి చెప్పాను కూడా. నా మీద నాకే ఒళ్లు మండింది.

"భోజనం చేసొద్దామండి," అన్నారు మాస్టారు.

"మీరు వెళ్లి రండి. నేను కదలను."

ఆయన కూడా కదల్లేదు. ఇంటి దగ్గర పప్పు ఉడికిపోతూ ఉంటుందని ఇద్దరికీ తెలుసు. చీకటి పడ్డాక పంటు మీద నమ్మకం పెట్టుకోవద్దని రేవులోనే చెప్పారు, అందుకని నాలుగింటికల్లా బయల్దేరాలి. గట్టు మీద కూర్చునే కొబ్బరిబొండాలు తాగాం. నేను చోటు మార్చి, తూర్పు వైపు ఆకుల మధ్య చాప పరిచేంత ఖాళీలోకి, కర్రని పక్కనుంచి తిప్పుతూ కప్పని విసరడం నేర్చుకున్నాను. భుజం పీకేస్తోంది. మూడు కొట్టే వేళకి నీళ్లు మళ్లీ పగిలాయి. ఈసారి పళ్లు బిగించి ఆగాను. తాడు దానంతటది పక్కకి జరగడం మొదలయ్యాకే లాగాను. కర్ర విల్లులా వంగింది. చేప ఆకుల కిందికి దూరింది. మాస్టారు తెల్లచొక్కాతో మొలలోతు నీళ్లలోకి దిగి గుర్రపుడెక్కని రెండు చేతులా పాయతీశారు. గట్టెక్కాక చూస్తే కొరమేనే, కిలో పైమాటే.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మాస్టారు మాత్రం దాన్ని తల నుంచి తోక దాకా చూసి, "బావుందండి," అని ఊరుకున్నారు.

పెరట్లో సుగుణమ్మగారు రాతి మీద ఉప్పు వేసి చేప జిగురు రుద్దారు. తల కోస్తున్నప్పుడు ఆవిడ చెయ్యి ఆగిపోయింది. గొంతు లోపల ఒక పాత గాలం ముల్లు, తుప్పు పట్టి, కండలో కూరుకుపోయి ఉంది. రబ్బరు కప్పని నేనే పట్టకారుతో తీశాను, ఇది నాది కాదు.

ఆవిడ దాన్ని ఊడబెరికి నీళ్లలో కడిగారు. తర్వాత గొంతు తగ్గించి, "ఏవండీ, ఇలా రండి. మీ ముల్లు దొరికింది. నేనే అనవసరంగా ఏడాదంతా మిమ్మల్ని..." అని ఆగిపోయారు.

మాస్టారు ముల్లుని అరచేతిలో వేసుకుని వెలుగులోకి తిప్పారు. ఒక్క 'అవును' చాలు, ఏడాది ఎగతాళి ఆ పెరట్లోనే తీరిపోతుంది. అనెయ్యండి మాస్టారూ అని నేను లోపల బతిమాలుతూనే ఉన్నాను.

"ఇది నాది కాదు, సుగుణా," అన్నారు. "నేను ముల్లుకి నీ కుట్టుమిషను ఎర్రదారం చుడతాను కదా."

"దారం కుళ్లిపోయుంటుంది లెండి."

"దారం కుళ్లుద్ది. ముల్లు పొట్టిదవ్వదు కదా. నేను వాడేది పొడుగు కాడ ముల్లు. ఇదెవరిదో. నా చేప ఇంత చిన్నది కూడా కాదు."

సుగుణమ్మగారు ఆయన మొహంలోకి చూశారు. మళ్లీ చేప మీదికి వంగి ముక్కలు కోస్తూ, "రేపు ఎన్నింటికెళ్తారు?" అన్నారు.

"ఆరింటికెళ్తాను."

"సరే. పప్పు నానబొయ్యను లెండి."

పులుసు స్టీలు డబ్బాలో పెట్టించుకుని చీకటి పడకముందే పంటు అందుకున్నాను. నది మధ్యలో నాకు కళ్లు చెమర్చాయి. చేపను చూపించి ఆయన మాట నిలబెట్టాలని పొద్దుటి నుంచీ మొండిగా కూర్చున్నాను. తీరా చూస్తే దొరికిన సాక్ష్యాన్ని ఆయనే కాదన్నారు, ఆవిడ నమ్మిందీ అప్పుడే. ఆ మొద్దు పక్కన పెద్ద కొరమేను ఉందని ఇప్పుడు నేను కూడా నమ్ముతున్నాను, కంటితో చూడకపోయినా.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క సూచన. తోటవాళ్ల అనుమతి ముందే తీసుకోండి, ఎండ ముదరకముందే గట్టు చేరండి, గాలం తూర్పు వైపే వెయ్యండి. పడమటి మొద్దు జోలికి మాత్రం వెళ్లకండి. అక్కడున్నది మాస్టారి చేప.